గోడ మీద చేతి మరకలు: అమ్మ కోసం ఇల్లు సరిచేస్తున్న డైరీ

జూలై 6, ఆదివారం

అమ్మ బాత్‌రూమ్ గడప దగ్గర పడి ఈ రోజుకి 19 రోజులు. ఎముకలేవీ విరగలేదు. తుంటి మీద అరచేయంత మేర కమిలింది, ఎడమ మణికట్టు బెణికింది, అంతే. కమిలిన చోటు పసుపు రంగుకి తిరిగి మానిపోయింది కూడా. అమ్మ మాత్రం ఇంకా ఆ రాత్రి దగ్గరే ఆగిపోయింది. మంచం దిగాలంటే నన్నో మా ఆవిడనో పిలుస్తుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే దిగకుండా అలాగే కూర్చుంటుంది. మంచినీళ్లు తాగడం కూడా తగ్గించేసిందని నిన్న మా ఆవిడ కనిపెట్టింది. ఎందుకత్తయ్యా అని అడిగితే, "తాగితే మళ్లీ లేవాలి కదమ్మా" అందట.

ఆ మాట విన్నాక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఈ పుస్తకం తీశాను. మాది విజయవాడ పటమట. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఏ బండి మొదలుపెట్టినా కొలతలు, సామాను, చేసిన తప్పులు రాసుకోవడం అలవాటు. ఇది కూడా అలాగే రాస్తాను.

ముందు ఆ రాత్రి సంగతి. మూడు గంటలప్పుడు లేచింది. మాకు నిద్ర చెడుతుందని లైటు వేయలేదు. గడప మూడంగుళాల ఎత్తు, గదిలో పరిచిన బూడిదరంగు గ్రానైటే గడపకీ వేశారు. కాలు తగిలి ముందుకు తూలింది. చెయ్యి పక్కనున్న టవల్ రాడ్డు మీదకి వెళ్లింది. మేం వెళ్లి చూసేసరికి అమ్మ కింద ఉంది, రాడ్డు ఆమె చేతిలోనే ఉంది. గోడలో రెండు కన్నాలు, వాటి కింద ఎర్రటి ఇటుక పొడి. ఆ రాడ్డు బిగించింది నేనే. రెండు ప్లాస్టిక్ ప్లగ్గులు, రెండు చిన్న స్క్రూలు. తడి తువ్వాలు ఆరేయడానికి సరిపోతుంది. తూలిపోతున్న మనిషి చేతికి మాత్రం అది తువ్వాలు రాడ్డని తెలియదు.

అందుకని పనుల్లో మొదటిది ఇవాళే చేసేశాను. ఇంట్లో ఉన్న మిగతా రెండు టవల్ రాడ్లు కూడా పీకేశాను. బరువు ఆపలేనిది చేతికి అందే చోట ఉండకూడదు.

జూలై 9, బుధవారం

సెలవు పెట్టి డాక్టర్ల చుట్టూ తిరిగిన రోజు. పడిన మర్నాడు మేం వెళ్లిన చోట ఎక్స్‌రే తీసి, ఎముకలు బాగున్నాయి, వయసు పైబడితే ఇలాగే ఉంటుంది అని కళ్లు తిరగడానికి మాత్రలు రాసిచ్చి పంపేశారు. "వయసు" అన్న మాటతో అమ్మ సగం చచ్చిపోయింది. వయసుకి మందు లేదు కదా మరి.

ఇవాళ చూపించిన ఈఎన్‌టీ డాక్టర్ గారు మొదట అడిగిన ప్రశ్న: "కళ్లు తిరిగేది ఎప్పుడమ్మా, నిలబడినప్పుడా, పక్క మీద దొర్లినప్పుడా?" అమ్మ కాసేపు ఆలోచించి రెండూ అంది. కుడివైపు ఒత్తిగిల్లితే గది మొత్తం గిర్రున తిరిగి అర నిమిషంలో ఆగిపోతుందట. ఏడెనిమిది నెలలుగా ఉందట. మాకెవరికీ చెప్పలేదు.

ఆయన అమ్మని బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి తల కొంచెం కిందకి వేలాడేలా పట్టుకున్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని "ఒరేయ్, ఒరేయ్" అంటోంది. కంటి గుడ్లు టకటకా కదలడం నాక్కూడా కనిపించింది. కొన్ని సెకన్లకి ఆగిపోయాయి. చెవి లోపల అర్ధచంద్రాకారపు గొట్టాలు మూడుంటాయి, పక్కనే ఒక సంచిలో సున్నపు రేణువులుంటాయి, అవి ఊడి గొట్టంలోకి జారితే తల తిప్పినప్పుడల్లా లోపలి నీరు కదిలి మెదడుకి తప్పుడు కబురు వెళ్తుందని చెప్పారు. ఎప్లీ పద్ధతి అని, తలని అంచెలంచెలుగా తిప్పుతూ ఒక్కో భంగిమలో అర నిమిషం పైన ఉంచి, చివరికి లేపి కూర్చోబెట్టారు. రేణువులు వెనక్కి తమ చోటికి చేరడానికట. మందు లేదు, సూది లేదు. ఏ చెవో, ఏ గొట్టమో తేల్చాకే చేయాలని, వీడియోలు చూసి సొంతంగా చేయొద్దని గట్టిగా చెప్పారు.

తర్వాత షుగర్ డాక్టర్ గారు. పడుకోబెట్టి బీపీ చూశారు, 148/82. లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూశారు, 122/74. పై అంకె 20 పైగా తగ్గితే లెక్కలోకి తీసుకోవాలట, అమ్మకి 26 తగ్గింది. బీపీ మాత్రల్లో ఒకటి తగ్గించారు. ఎదురింటివాళ్లు మంచిదని చెప్పగా మెడికల్ షాపులో తెచ్చుకుని రెండేళ్లుగా వేసుకుంటున్న నిద్రమాత్ర బయటపడింది. అది ఒక్కసారిగా మానకుండా ఎలా తగ్గించాలో కాగితం మీద రాసిచ్చారు. ఆ మాత్ర సంగతి నాకు ఇవాళ్టి వరకు తెలియదు.

చివర్లో పాదాలు. కళ్లు మూసుకోమని సన్నటి నైలాన్ దారంతో వేళ్ల కింద పొడుస్తూ తగిలినప్పుడు చెప్పమన్నారు. కుడికాలి బొటనవేలి కింద పొడిచారు. అమ్మ మాట్లాడలేదు. మళ్లీ పొడిచారు. అమ్మ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. దారం వంగేంత గట్టిగా తగలడం నేను చూస్తూనే ఉన్నాను.

మనిషి నిలబడేది కళ్లు, చెవి, పాదాలు మూడూ కలిసి పంపే కబుర్లతోనట. ముక్కాలి పీట లాంటిదే అనుకున్నాను నేను. అమ్మకి చెవి కాలు వదులు, పాదాల కాలు అరిగింది, ఇక కళ్ల మీదే భారమంతా. చీకట్లో ఆ మూడోది కూడా తీసేస్తున్నాం. ముఖం కడుక్కుంటూ సబ్బు మంటకి కళ్లు మూసుకుంటే తూలుతోందని అమ్మ ఎన్నోసార్లు అంది. నీరసమనుకున్నాం.

జూలై 13, ఆదివారం

గది తిరగడం దాదాపు పోయింది. భయం మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. చెవి బాగైతే అన్నీ బాగైపోతాయని నేను అనుకున్నాను, అలా కాదు.

టేపు, చాక్‌పీసు పట్టుకుని బయల్దేరాను. పట్టుకునే రాడ్డు ఎంత ఎత్తులో ఉండాలని ఫోన్లో వెతికితే 33 నుంచి 36 అంగుళాలు అని విదేశీ కొలతలు వచ్చాయి. అమ్మ ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. 36 దగ్గర గీత గీసి చెయ్యి వేయమంటే భుజం పైకి లేస్తోంది. భుజం లేచిన చేతిలో బలం ఉండదు.

ఏం చేయాలా అని హాల్లో నిలబడినప్పుడు గోడ కనిపించింది. రోజూ చూసే గోడే. దసరాకి రంగు వేయిద్దామని మా ఆవిడ ఏడాదిగా అంటున్న గోడే. గంధం రంగు మీద ఒకచోట మసకగా, జిడ్డుగా, అరచెయ్యి మేర ఒక మరక. దగ్గరికెళ్లి చూస్తే నాలుగు వేళ్లు విడివిడిగా కనిపిస్తున్నాయి. కొబ్బరినూనె, పసుపు, వంటింటి చెయ్యి. అక్కణ్ణుంచి మూడడుగుల అవతల ఇంకోటి. గుమ్మం చట్రం మీద ఒకటి, అక్కడ పెయింటు నునుపుదేరి మెరుస్తోంది. ఫ్రిజ్ పక్క రేకు మీద కూడా ఉంది. బాత్‌రూమ్ తలుపుకి ఎడమవైపున్నది అన్నిటికన్నా ముదురు.

కిందకి కూర్చుని ఒక్కొక్కటీ కొలిచాను. నేల నుంచి 30, 31, 31న్నర, 33 అంగుళాలు. రాడ్డు ఎక్కడ కావాలో, ఎంత ఎత్తులో కావాలో అమ్మ చెయ్యి రాసి పెట్టింది. అంత ముదురు మరక ఈ 26 రోజుల్లో రాదు, ఏడాదైనా పట్టి ఉంటుంది. అమ్మ పడటం జూన్‌లో మొదలవలేదు. ఏడాదిగా గోడలు పట్టుకునే నడుస్తోంది, మేం గోడని చూసి మురికి అన్నాం, మనిషిని చూడలేదు.

మరకల చుట్టూ చాక్‌పీసుతో గీశాను. తుడవొద్దని ఇంట్లో చెప్పాను.

జూలై 20, ఆదివారం

షెడ్డు నుంచి స్టెయిన్‌లెస్ పైపు ముక్కలు మూడు తెచ్చాను: ఒక అంగుళం, ఒకటింబావు, ఒకటిన్నర. ఒక్కోటీ అమ్మ చేతికిచ్చి పట్టుకోమన్నాను, చేతికి సబ్బు రాసి మళ్లీ పట్టుకోమన్నాను. ఒకటిన్నరకి బొటనవేలు మిగతా వేళ్లని కలుసుకోవడం లేదు. అంగుళం పైపు మరీ సన్నం, పిడికిలిలో తిరిగిపోతోంది. ఒకటింబావు సరిపోయింది. అద్దంలా మెరిసే పాలిష్ పైపు సబ్బు చేతికి జారుతోంది, అందుకని గీతల ఫినిషింగ్ ఉన్న 304 గ్రేడు పైపు తీసుకున్నాను.

లారీ క్యాబిన్ హ్యాండిళ్లు చేయడం మాకు రోజూ ఉండే పని. క్యాబిన్ ఎక్కేటప్పుడు మూడు పట్లు వదలకూడదని కొత్త డ్రైవర్లకి చెబుతాం: రెండు కాళ్లు ఒక చెయ్యి, లేకపోతే రెండు చేతులు ఒక కాలు. ఆ హ్యాండిల్ నిలువుగా ఎందుకుంటుందంటే మనిషి పైకి లేస్తున్నకొద్దీ చెయ్యి దాని వెంటే జరుగుతుంది. గడప దాటే చోటికి, కమోడ్ మీంచి లేచే చోటికి అదే కావాలి. నడిచే దారికి మాత్రం అడ్డం రాడ్డు. వెల్డింగ్ బాబాయ్‌కి బొమ్మ గీసి చూపిస్తే, "ఇది నేను చేస్తాను, నువ్వు పక్కకి జరుగు" అని భోజనాల టైములో ఆర్గాన్ వెల్డింగ్ పెట్టి చివర్లు గోడ వైపు వంచి మూసేశాడు. చీర కుచ్చిళ్లు, జాకెట్ చెయ్యి తగులుకోకుండా ఉండటానికి. డబ్బు తీసుకోలేదు. వాళ్లమ్మగారు పోయిన ఏడాది పడి తుంటి విరిగి మంచానికే అతుక్కుపోయి వెళ్లిపోయారు.

గోడకీ రాడ్డుకీ మధ్య ఒకటిన్నర అంగుళం. అంతకన్నా ఎక్కువ వదిలితే జారినప్పుడు మోచెయ్యి ఆ సందులోకి దూరి ఇరుక్కుంటుంది.

జూలై 27, ఆదివారం

ఇవాళ పని చెడింది. కమోడ్ పక్క గోడ నాలుగున్నర అంగుళాలదే, ఇటుక వెడల్పంత మందం. టైల్ వరకు హ్యామర్ వాడకుండా టైల్ బిట్టుతో మెల్లగా కన్నం పెట్టి, లోపల ఇటుకకి మాత్రం హ్యామర్ పెట్టాను. టైల్ పగల్లేదు. యాంకర్ బోల్టులు బిగించాను. నా బరువు 82 కిలోలు. రాడ్డు పట్టుకుని కాళ్లు ముడిచి వేలాడాను. రెండోసారికే ఒకవైపు బోల్టు ఇటుక పొడితో సహా బయటికి వచ్చేసింది.

అమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తోంది. ఏమీ అనలేదు, లేచి గదిలోకి వెళ్లిపోయింది. ఆమె కళ్లముందు అది ఊడిరావడం ఎంత తప్పో అప్పుడు అర్థమైంది. ఇకమీద ఏ రాడ్డయినా ముందు అమ్మ లేనప్పుడు పరీక్షించాలి, నిలబడిందని తేలాక అమ్మ చూస్తుండగా మళ్లీ వేలాడాలి.

మధ్యాహ్నం లారీ బాడీ పద్ధతిలో చేశాను. గోడకి అటువైపు వరకు కన్నం పెట్టి, అవతల ఎనిమిదంగుళాల రేకు ప్లేటు వేసి, ఇటు నుంచి అటు బోల్టు దూర్చి నట్టు బిగించాను. అవతలి గదిలో ప్లేటు కనబడుతుంది, అందంగా ఉండదు. మా ఆవిడ చూసి, "ఉండనివ్వండి, దాని ముందు క్యాలెండర్ తగిలిద్దాం" అంది. తొమ్మిదంగుళాల బయటి గోడకి మాత్రం పొడవు యాంకర్లు చాలు, గట్టిగా నిలబడ్డాయి.

సాయంత్రం అమ్మని పిలిచి చూపించి మళ్లీ వేలాడాను. మా అబ్బాయిని కూడా వేలాడమన్నాను. అమ్మ వచ్చి రెండు చేతులతో పట్టుకుని ఒకసారి గుంజి చూసింది. అప్పుడు ఆమె ముఖంలో మార్పు ఈ పుస్తకంలో రాయలేను.

ఆగస్టు 3, ఆదివారం

చిన్న పనులు. బాత్‌రూమ్ తలుపు లోపలికి తెరుచుకునేది. లోపల మనిషి తలుపుకి అడ్డంగా పడితే బయటి నుంచి తోయలేం. బందులు విప్పి బయటికి తెరుచుకునేలా మార్చాను, లోపలి గడియ తీసేసి బయటి నుంచి కూడా తీయగలిగే గడియ వేశాను. వైర్‌లెస్ కాలింగ్ బెల్ బటన్ నేల నుంచి అడుగు ఎత్తులో అంటించాను, పడ్డ మనిషి చెయ్యి అందేది అక్కడికే. కమోడ్ మీద నాలుగంగుళాల ఎత్తు రింగు బిగించాను. డోర్ మ్యాట్‌లు అన్నీ తీసేశాం.

లైటు విషయంలో దెబ్బతిన్నాను. మనిషి కదిలితే వెలిగే సెన్సార్ బల్బు పెట్టాను. అమ్మ కమోడ్ మీద కదలకుండా కూర్చునేసరికి లోపల లైటు ఆరిపోయి చీకట్లో కేకేసింది. ఇప్పుడు మంచం నుంచి బాత్‌రూమ్ వరకు మోకాలి ఎత్తులో జీరో బల్బులు మూడు రాత్రంతా వెలుగుతూనే ఉంటున్నాయి. కరెంటు పోతే వెలిగే ఛార్జింగ్ బల్బు లోపల ఒకటి. మంచం అంచున కూర్చుని పాదాలు పైకీ కిందకీ ఇరవైసార్లు ఆడించి, రెండు నిమిషాలాగి అప్పుడే లేవాలని డాక్టర్ గారు చెప్పింది అమ్మ బాగానే పాటిస్తోంది.

ఆగస్టు 8, శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం

తెల్లవారుజామున అమ్మ వీధి గడపకి పసుపు రాస్తోంది. కుర్చీలో కూర్చుని, ఒంగి, రెండు వేళ్లతో. పక్కనే మా ఆవిడ. నేను చూస్తూ ఉండగా తట్టింది: ఆ గడప మూడంగుళాలు కాదు, అయిదు. యాభై ఏళ్లలో అమ్మ ఆ గడప తట్టుకున్నది ఒక్కసారి కూడా లేదు. పచ్చగా కనిపిస్తుంది కాబట్టి కాలు దానంతటదే లేస్తుంది. బాత్‌రూమ్ గడప నేలలో కలిసిపోయి ఉంటుంది.

ఆ మాటే అంటే అమ్మ, "మరి దానిక్కూడా పసుపు రాయమంటావా ఏంట్రా" అంది. పసుపు కాదు గానీ, సాయంత్రం పసుపు రంగు ఎనామిల్ పెయింటు కొట్టాను. గడప పగలగొట్టి ఏటవాలు చేద్దామని మేస్త్రీ అన్నాడు గానీ తడికాలికి ఏటవాలు ఇంకా ప్రమాదం, నీళ్లు గదిలోకి కూడా వస్తాయి. గడప అలాగే ఉంది, రెండు వైపులా నిలువు హ్యాండిళ్లున్నాయి.

ఆగస్టు 17, ఆదివారం

కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి మళ్లీ కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసే పరీక్ష ఒకటుంది. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. 12 సెకన్లు దాటితే పడే ప్రమాదం ఎక్కువని లెక్క. హాల్లో పెయింటుతో గీత గీసి ఆదివారాలు కొలుస్తున్నాను. జూలైలో 22. పోయిన ఆదివారం 18. మొన్న జ్వరం వచ్చింది, ఇవాళ మళ్లీ 19.

వ్యాయామాలు వారానికి మూడు రోజులు. న్యూజిలాండ్‌లో ఒటాగో అనే చోట పెద్దవాళ్ల కోసం తయారుచేసిన పద్ధతి అట, కాళ్ల బలానికీ నిలకడకీ. వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, కాలు పక్కకి చాపడం, చేతులు వాడకుండా కుర్చీలోంచి లేవడం, రాడ్డు పట్టుకుని అడుగులో అడుగు వేయడం. అమ్మ లెక్క పెట్టదు, కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేవరకు చేస్తుంది.

ఫిజియో అమ్మాయి ఇంకో పని కూడా చేసింది. పది పనులు చెప్పి, ఒక్కోటీ పడకుండా చేయగలనన్న ధైర్యం పదికి ఎంత ఉందో అడిగింది. స్నానానికి 3. అల్మారాలోంచి తీయడానికి 5. డాబా మెట్లకి సున్నా. తర్వాత, "పడితే దెబ్బ తగులుతుందనేనా భయం, అమ్మా?" అని అడిగింది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "దెబ్బకి కాదమ్మా. మంచాన పడితే వీళ్లంతా పనులు మానుకుని నాకు చెయ్యాలి. వీడు షెడ్డు మానాలి. దానికన్నా కదలకుండా ఉండటమే నయం కదా అని."

నేను పక్కనే ఉన్నాను. కదలకుండా కూర్చుంటే తొడల్లో కండ కరిగి మంచాన పడేది ఇంకా త్వరగానే అని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. తర్వాత నన్ను బయటికి పిలిచి అడిగింది, రోజుకి ఎన్నిసార్లు "జాగ్రత్త" అంటారు, "లేవకు, నేను తెస్తా" అంటారు అని. లెక్కపెట్టుకుంటే నోట మాట రాలేదు. ప్రేమతోనే అన్నాం. ప్రతిసారీ నువ్వు పడతావు అనే చెప్పాం.

అమ్మ జబ్బ పట్టుకుని నడిపించడం కూడా మానేశాం. మనం పట్టుకుంటే మన లాగుడుకి ఆమె తూలుతుంది. ఇప్పుడు నా మోచెయ్యి చాపి నిలబడతాను, ఆమే పట్టుకుంటుంది.

సెప్టెంబరు 7, ఆదివారం

నేల మీంచి లేవడం నేర్చుకున్న రోజు. ఇది మిగతా అన్నిటికన్నా పెద్దది, అందుకే వివరంగా రాస్తున్నాను.

పడిన రాత్రి అమ్మని లేపడానికి నేను, మా అబ్బాయి చంకల కింద చేతులేసి లాగాం. అలా లాగకూడదట. భుజం జారుతుంది, ఎముక విరిగి ఉంటే ఇంకా పాడవుతుంది. ముందు దెబ్బలున్నాయా అని చూడాలి, మనిషి ఊపిరి తీసుకోవాలి, తొందరపడకూడదు. తుంటి దగ్గర భరించలేని నొప్పి ఉంటే అసలు కదిలించకుండా 108కి చెయ్యాలి.

హాల్లో రెండు దుప్పట్లు పరిచి అమ్మని నేల మీద పడుకోమంది ఆ అమ్మాయి. అమ్మ నా వైపు చూసింది. నేను చెయ్యి చాపబోయాను, ఆ అమ్మాయి కళ్లతోనే వద్దంది. అమ్మ రాడ్డు పట్టుకుని, కుర్చీ పట్టుకుని, మెల్లగా మోకాళ్ల మీదకి, అక్కణ్ణుంచి పక్కకి ఒరిగి పడుకుంది. పైకప్పు చూస్తూ కాసేపు అలాగే ఉంది. 

తర్వాత ఒక పక్కకి దొర్లింది. మోచేతి మీద లేచింది. రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, చిన్నపిల్లలా. కుర్చీ వరకు పాకింది. కుర్చీ మీద రెండు చేతులు పెట్టి, కుడి పాదం ముందుకి తెచ్చి నేల మీద ఆనించింది. అక్కడ ఆగిపోయింది. పాదం నేలకి ఆనిందో లేదో స్పర్శ తెలియడం లేదు, కళ్లతో చూసుకుంది. పాదం రెండంగుళాలు సరిచేసుకుంది. చేతులతో కుర్చీని నొక్కి, బుస్సుమని ఊపిరి వదిలి లేచి, ఇటు తిరిగి కుర్చీలో కూర్చుంది. ఎవరమూ ముట్టుకోలేదు.

"ఇంకోసారి" అంది అమ్మే.

మూడుసార్లు చేసింది. 

సెప్టెంబరు 11, గురువారం

ఇవాళ నేను షెడ్డు నుంచి వచ్చేసరికి వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని గోంగూర వలుస్తోంది. జూన్ నుంచి ఆ కత్తిపీట అటక మీదే ఉంది. ఎవరు దింపారని అడిగితే మా ఆవిడ, "అత్తయ్య అడిగారు, ఇచ్చాను" అంది. పక్కనే చెక్క కుర్చీ గోడకి ఆనించి పెట్టుకుంది, లేవడానికి.

సెప్టెంబరు 21, ఆదివారం

చెప్పుల గొడవ. స్పర్శ లేని పాదాలకి ఇంట్లో కూడా చెప్పులుండాలి అన్నారు. అరిగిన హవాయి చెప్పులు కాలి నుంచి జారిపోయినా అమ్మకి తెలియదు. వెనక పట్టీ ఉండి, అడుగు పల్చగా గట్టిగా ఉన్నవి బందరు రోడ్డులో తీసుకున్నాం. వంటింట్లోకి చెప్పులేంట్రా అని నాలుగు రోజులు ముట్టుకోలేదు. అవి ఎప్పటికీ వీధిలోకి వెళ్లని చెప్పులు అని ఒప్పించింది మా ఆవిడ. దేవుడి గదిలోకి మాత్రం వేసుకోదు. అక్కడ ఒక నిలువు హ్యాండిల్ పెట్టాను.

అక్టోబరు 12, ఆదివారం

డాబా మెట్లు. 17 మెట్లు, మధ్యలో ఒక మలుపు. పిట్టగోడ ఒకవైపు ఉంది గానీ దాని పైభాగం అయిదంగుళాల వెడల్పు, దాని మీద చెయ్యి ఆనుతుంది, పట్టు దొరకదు. రెండు వైపులా రాడ్డు వేశాను, ఎక్కేటప్పుడు కుడి చేతికి ఉన్నది దిగేటప్పుడు ఎడమకి పోతుంది కాబట్టి. ఎడమ మణికట్టు అమ్మకి ఇంకా బలహీనమే. కిందా పైనా మెట్లు అయిపోయాక ఇంకో అడుగు వరకు రాడ్డు కొనసాగుతుంది, ఆఖరి మెట్టు దిగేటప్పుడు చెయ్యి గాల్లోకి పోకుండా.

కొలిస్తే మొదటి మెట్టు అయిదంగుళాలే ఉంది, మిగతావి ఏడు. వాకిలి ఎత్తు చేయించినప్పుడు వచ్చిన తేడా. కాలు ఏడుకి అలవాటు పడి దిగుతుంది, ఆఖర్న నేల ముందే తగిలి ఒళ్లు కుదుపుతుంది. దాన్ని సరిచేయలేకపోయాను, ఆ ఒక్క మెట్టుకి ఎర్ర రంగు వేశాను.

మెట్ల అంచులకి మొదట లారీలకి అంటించే రేడియం స్టిక్కర్ వేశాను. పని చేయలేదు. అది హెడ్‌లైటు వెలుగుని వచ్చినవైపుకే తిప్పి పంపుతుంది, పైనున్న ట్యూబులైటుకి మామూలు కాగితంలాగే ఉంటుంది, పైగా నున్నగా జారుతోంది. పీకేసి పసుపు రంగు పెయింటులో సన్నటి ఇసుక కలిపి రెండంగుళాల పట్టీ కొట్టాను. ఇంకొకటి: అమ్మవి పైన దూరం, కింద దగ్గర చూపు ఉన్న కళ్లద్దాలు. మెట్టు వైపు కిందకి చూస్తే చదువుకునే అద్దంలోంచే చూడాల్సి వస్తుంది, అంచు మసకబారుతుంది. మెట్ల కోసం దూరపు చూపుది ఒక్కటే ఉన్న జత వేరే చేయించాం.

కుర్చీ పరీక్ష ఇవాళ 14 సెకన్లు.

నవంబరు 2, ఆదివారం, క్షీరాబ్ది ద్వాదశి

తులసికోట డాబా మీద ఉంది. పోయిన నెల నుంచి అమ్మ నాలుగు మెట్లు, ఏడు మెట్లు, మలుపు వరకు అంటూ ఎక్కుతూనే ఉంది, నేను ఒక మెట్టు కింద. ఇవాళ సాయంత్రం దీపాల పళ్లెం మా ఆవిడ పట్టుకుంది, ఎందుకంటే అమ్మ రెండు చేతులూ రాడ్ల మీద ఉండాలి. చీర రెండంగుళాలు పైకి కట్టింది. కొత్త కళ్లద్దాలు. 17 మెట్లకి మూడుసార్లు ఆగింది. నేను ఈసారి జాగ్రత్త అనలేదు.

పైకి వెళ్లాక కోట చుట్టూ దీపాలు పెట్టింది, ఉసిరి కొమ్మ గుచ్చింది. మల్లెకుండీలు ఎండిపోయాయని మా మీద కోప్పడింది. అరగంట పైగా ఉంది.

దిగి వచ్చాక టార్చి తీసుకుని మెట్లన్నీ చూశాను. మలుపు దగ్గర ఎడమ రాడ్డు ఆగి, మలుపు తిరిగాక మళ్లీ మొదలయ్యే చోట పదకొండంగుళాల ఖాళీ ఉంది. అక్కడ తెల్ల సున్నం గోడ మీద, నేల నుంచి 31 అంగుళాల ఎత్తున, పసుపూ నూనే కలిసిన నాలుగు వేళ్లు. ఇంకా తడిగానే ఉన్నాయి. చాక్‌పీసుతో చుట్టూ గీశాను. రేపు షెడ్డుకి వెళ్లేటప్పుడు బాబాయ్‌కి ఒక వంపు ముక్క చెప్పాలి, 304, ఒకటింబావు, పదమూడంగుళాలు.